పాఠము ఎవరిది?

ఉపాధ్యాయుడు తరగతికి పోవుటకు ముందు రాత్రి కూర్చుండి పాఠ్యప్రణాళిక వ్రాసికొనుట మీలో చాలమంది ఎరిగిన సంగతియే. మన కుటుంబములలో ఒక పంతులమ్మయో పంతులో లేని కుటుంబము అరుదు గదా! ఆ పుస్తకములో పాఠము పేరు, తరగతి, కాలము, చూపవలసిన వస్తువులు, అడుగవలసిన ప్రశ్నలు అని గడులుండును. వాటితోబాటు మరియొక గడి కలదు: ఈ పాఠమువలన విద్యార్థి ఏమి గ్రహించవలెను? గణితములో ఆ గడి నింపుట కష్టము కాదు. భిన్నములను కూడుట నేర్చుకొనును అని వ్రాసిన చాలును. అది నెరవేరినదో లేదో మరునాటి సాయంకాలమునకు తేలిపోవును. అయితే ఒక పద్యమునో కథనో చదివించునప్పుడు అక్కడ ఏమి వ్రాయవలెను? పిల్లవాడు ఇంకను ఆ కథను చదువలేదు. చదివిన తరువాత ఏమనుకొనునో వానికే తెలియదు. అట్లుండగా వాడు ఏమనుకొనవలెనో నేను ముందురాత్రియే తీర్మానించి, సిరాతో వ్రాసి, క్రింద సంతకము చేయుట న్యాయమేనా?

ఇది బోధనాపద్ధతిని గూర్చిన చిన్న ప్రశ్నగా కనబడవచ్చును. నాకు మాత్రము ఇది ఒకని మనస్సుమీద మరియొకనికి ఎంత అధికారము కలదను ప్రశ్నగా కనబడుచున్నది. పుల్పిటునుండి బోధించు మావంటివారు కూడ దీనిని తప్పించుకొనజాలరు గాని, ప్రస్తుతమునకు బడిని గూర్చియే మాటలాడుకొందము.

ప్లేటో తన రిపబ్లిక్ అను గ్రంథపు రెండవ మూడవ భాగములలో ఈ సంగతిని మొగమోటము లేకుండ విచారించెను. పసివారికి కథను, కథ వెనుకనున్న అర్థమును వేరుచేయు శక్తి లేదు. ఆ వయస్సున పడిన ముద్ర సులభముగా చెరుగదు. కావున పిల్లలకు చెప్పు కథలను పెద్దలు ఏరవలెను, అవసరమైన యెడల హోమరును సైతము కత్తిరింపవలెను అని అతని వాదము. మనము ప్లేటోను చదివినను చదువకున్నను మన యిండ్లలో మనమందరము అతని శిష్యులమే. పిల్లవాని చేతిలో ఏదైన పుస్తకము కనబడగానే, ఇందులో నీతి యేమున్నది అని అడుగుదుము.

దీనికి ఎదురుగా మరియొక పక్షము కలదు. పిల్లలకు పుస్తకములిచ్చి మీరు ప్రక్కకు తొలగుడి, వారే చదువుకొందురు, వారే గ్రహించుకొందురు అని వారు చెప్పుదురు. వినుటకు ఇంపుగానే యుండును. గోడనిండ పుస్తకములున్న యింట పుట్టిన బిడ్డకు ఈ మాట సరిపోవచ్చును. క్యాలెండరు తప్ప అచ్చుకాగితము లేని యింటినుండి వచ్చిన బిడ్డను అట్లు విడిచిపెట్టుటకు స్వేచ్ఛ అని పేరు పెట్టుట నాకు సమ్మతము కాదు. దారి ఎరుగనివానిని అడవిలో దింపి, నీ యిష్టము వచ్చినట్లు నడువుమనుట వంటిది అది.

ఈ రెండు పక్షముల తగవును వాదముతోనే తీర్చబూనిన యెడల తెల్లవారును. ఒక పద్యమును చేతబట్టి చూతము. ఉప్పును కర్పూరమును పోల్చిన వేమన పద్యమును ఎరుగని తెలుగు బిడ్డ లేడు. చార్లెస్ ఫిలిప్ బ్రౌను వేమన పద్యములను ఏరి, ఇంగ్లీషు అనువాదముతో 1829లో అచ్చువేయించెను. అంతకు చాల ముందే అవి జనుల నోళ్లలో నుండినవి. ఈ పద్యమును బడిలో చెప్పు విధము మనకందరికి కంఠస్థమే. ఉపాధ్యాయుడు రాగముతో చదువును. పిల్లలు తిరిగి చదువుదురు. తరువాత ప్రతిపదార్థము, ఆ తరువాత భావము, చివరకు నీతి. ఇరువది నిమిషములలో పని ముగియును. నీతి యేమనగా: ఉప్పువంటివారు సామాన్యులు, కర్పూరమువంటివారు ఉత్తములు. బజారులో దొరకు గైడులో ఇదియే యున్నది. ఇప్పుడు ఫోనును అడిగినను ఇటువంటిదే చెప్పును.

ఇట్లుకాక, ఉపాధ్యాయుడు రెండు పొట్లములు కట్టుకొని వచ్చెననుకొనుడి. ఒకదానిలో చిటికెడు ఉప్పు, రెండవదానిలో నలిపిన కర్పూరము. వెలిగించు కర్పూరమును నాలుకపై వేసికొననీయరాదు, అది విషము. ప్రణాళికలో మొదట వ్రాసికొనవలసినది ఇదియే. పిల్లలు దూరమునుండి చూతురు, రెండును తెల్లనివే. దగ్గరకు తెచ్చి వాసన చూతురు. నీళ్లలో వేయుదురు, ఉప్పు కరగును, కర్పూరము పైన తేలును. ఒక పలుకు వెలిగింపగా బూడిదయైనను మిగులకుండ పోవును. ఇదంతయు చూచిన తరువాత పద్యము చదివిన యెడల, పోలిక యొకటే గాని జాడ వేరు అన్నమాట వారికి చెవితోగాక కంటితోను ముక్కుతోను తెలిసియుండును.

అప్పుడు వెనుక వరుసలోని పిల్లవాడొకడు లేచి, "అయ్యా, ఉప్పు లేకుంటే గంజి కూడ దిగదు గదా! కర్పూరము లేకున్నను మాకు గడచుచునే యున్నది. ఉప్పు తక్కువది ఎట్లయినది?" అని అడిగెననుకొనుడి. ఇది నేను పనిగట్టుకొని కల్పించిన వింత ప్రశ్న కాదు; కూలివారి బిడ్డలున్న ఏ తరగతిలోనైనను పుట్టదగినదే. ఆదివారపు బడికి పోవు బిడ్డయైన యెడల వాని ఆశ్చర్యము మరి యెక్కువగును. కొండమీది ప్రసంగములో శిష్యులను ఉప్పుతో పోల్చుట వాడు వినియున్నాడు, అక్కడ ఉప్పు గౌరవమైన మాట.

ఉపాధ్యాయుడు ఏమి చేయవలెను? వానిని కూర్చుండబెట్టి పుస్తకములోని నీతి అప్పగించుట ఒక దారి. భేషని మెచ్చుకొని, ఎవరి అభిప్రాయము వారిది అని సాగిపోవుట రెండవ దారి. మొదటిది బెదరింపు, రెండవది మర్యాదతో కూడిన అశ్రద్ధ. ఆ రెంటిలో ఏదియు వాని ప్రశ్నకు జవాబు కాదు. మూడవ దారి కలదు: సరే, పద్యములో ఉప్పు తక్కువదని ఏ మాట చెప్పుచున్నది, వెదకుదము రండు, అని అందరిచేత తిరిగి చదివించుట. వెదకినప్పుడు ఒక చిత్రమైన సంగతి బయటపడును. పద్యములో అట్టి మాటయే లేదు! రెండును చూపునకు ఒకటిగా నుండును, రుచిలో వేరు. అట్లే మనుష్యులలో పుణ్యపురుషులు వేరు. అంతవరకే యున్నది. రెంటిలో ఏది పుణ్యపురుషునికి గురుతో కవి చెప్పలేదు. కర్పూరమే గొప్పదని చెప్పినది భావము వ్రాసినవారు. వారికి అట్లు తోచుటకు కారణము ఖరీదు కావచ్చును, పూజాద్రవ్యమగుట కావచ్చును. పద్యములో మొదట వచ్చిన దానికంటె తరువాత వచ్చినదానినే మెచ్చుకొనుట తెలుగు చెవికి అలవాటు అని కూడ ఒకరు వాదింపవచ్చును, ఆ వాదమును కొట్టివేయవలసిన పని లేదు. ఏదియైనను, గంజి త్రాగి బడికి వచ్చిన బిడ్డ గైడుకంటె శ్రద్ధగా పద్యము చదివెను. ముందురాత్రి నీతి గడిని నింపి సంతకము చేసిన ఉపాధ్యాయుడు ఈ ప్రశ్నను విననైన వినియుండడు.

అట్లని పిల్లవాడు చెప్పినదెల్ల ఒప్పనుట కాదు. వేరొకడు లేచి, ఉప్పు కర్పూరము రెండును ఒకటేయని కవి చెప్పుచున్నాడనిన యెడల అది తప్పు. తప్పని చెప్పవలెను, ఏ మాటవలన తప్పో చూపవలెను. ఇక్కడనే నాకు ఆ రెండు పక్షముల తగవు తీరు దారి కనబడుచున్నది. ప్లేటో పాఠమును పెద్దలదనెను; ఎదుటివారు పిల్లలదనిరి. పద్యము ఈ ఇద్దరికిని నడుమ నిలిచియున్నది. ఉపాధ్యాయుని మాటను విద్యార్థి మాటను ఒక్కటే తరాజులో తూచునది అది. కాబట్టి ప్రణాళిక వ్రాయువాడు బిడ్డ చేరవలసిన తీర్పును ముందే వ్రాయరాదు గాని, తీర్పునకు కావలసిన సాక్ష్యమంతయు వాని యెదుటికి వచ్చునట్లు ఏర్పాటు చేయవలెను. ఏ పద్యము, ఎంత భాగము, ఏ మాటయొద్ద ఆగవలెను, ఏ వస్తువు చూపవలెను, ఏ ప్రశ్న మొదట, ఏది తరువాత. ఇవన్నియు అతని పనియే. అది తక్కువ అధికారము కాదు.

ఇంత ఏర్పాటు చేసినను భయమున్నచోట అది పనికిరాదు. పరిశుద్ధ అగస్టీను తన ఒప్పుకోలు గ్రంథపు మొదటి భాగములో చిన్ననాటి చదువును తలచుకొని వ్రాసిన సంగతులు ప్రతి ఉపాధ్యాయుడు చదువదగినవి. లాటిను భాష అతనికి దాదుల ముద్దుమాటలలో, నవ్వులలో, ఆటలలో వచ్చెను. గ్రీకు భాష దెబ్బల బెదరింపుతో వచ్చెను. అందుచేత హోమరువంటి కవి కథలు సైతము అతనికి చేదైపోయెను. పసివాని కుతూహలము చేయు పనిని భయము చేయజాలదని అతడు తెలిసికొనెను. అదే చోట మరియొక మాట కూడ కలదు. వర్జిలు కావ్యములోని డైడో చావునకు కన్నీరు కార్చిన తాను, తన ఆత్మ స్థితికి ఒక బొట్టైనను కార్చలేదే అని అతడు నొచ్చుకొనెను. మన పెద్దలు కొందరు దీనినిబట్టి కావ్యములు వ్యర్థమని తేల్చిరి. నాకట్లు తోచదు. పరదేశపు రాణికొరకు ఏడువనేర్చిన బాలుని హృదయము మెత్తనయ్యెను. ఆ మెత్తదనము ఎక్కడికి పోవలెనో తెలియుటకు అతనికి అనేక సంవత్సరములు పట్టెను. రెండవ పని జరుగుటకు మొదటిది అడ్డమని నేననుకొనను.

ఇక కఠినమైన సంగతికి వచ్చెదను. సాహిత్యమును గూర్చి మనము ఇంత ముచ్చటించుచుండగా, అక్షరములయొద్దనే నిలిచిపోయిన బిడ్డ మాటయేమి? అసర్ అను పేరుతో ప్రథమ్ సంస్థవారు గ్రామములలో ఇంటింటికి పోయి పిల్లల చదువును పరీక్షింతురు. వారి సాధనము బహు సాధారణమైనది. అక్షరములు, మాటలు, ఒక చిన్న పేరా, రెండవ తరగతి స్థాయి కథ యొకటి, అంతే. 2018లో దేశమంతటి గ్రామములలో అయిదవ తరగతి పిల్లలు నూటికి 50.5 మంది ఆ కథను చదువగలిగిరి. కరోనా కాలమున బడులు మూతబడిన తరువాత 2022లో అది 42.8కి దిగెను, 2024లో 48.8కి లేచెను. ఎనిమిదవ తరగతిలో సైతము 2022లో చదువగలిగినవారు 69.6 శాతమే. అనగా నలువదిమంది కూర్చున్న ఎనిమిదవ తరగతిలో సగటున పండ్రెండుగురు రెండవ తరగతి కథను చదువలేక, మన శతకపద్యముల యెదుట కూర్చున్నారన్నమాట.

ఆ పండ్రెండుగురు ప్రణాళికలో ఎక్కడ నున్నారు? చాల పుస్తకములలో వారికి గడియే లేదు. ఉన్న యేర్పాటు వరుసగా లేచి తలా ఒక పంక్తి చదువుట. దానికంటె క్రూరమైన అలవాటు మన బడులలో మరియొకటి కలదేమో నాకు తెలియదు. తన వంతు ఎంత దూరమున నున్నదో లెక్కించుకొనుచు, చెమటలు పట్టుచు కూర్చున్న బిడ్డకు కథ చెవిని పడునా? చదువగలిగినవాడు కూడ తన పంక్తినే చూచుకొనును గాని కథను వినడు. ఉపాధ్యాయుడే మొదట ఆ కథనంతయు చక్కగా, తొందరపడక, పాత్రల గొంతులు పలికించుచు చదివి వినిపింపవలెను. అక్షరములు రానివానికిని ఆలోచన కలదు. విన్న కథను గూర్చి వాడు చెప్పు మాట బాగుగా చదువువాని మాటకంటె లోతైనదిగా నుండుట కద్దు. తరువాత వానికి అక్షరములు నేర్పు పని వేరుగా, ప్రతిదినము, కొంతసేపు జరుగవలెను. పిల్లలను తరగతినిబట్టి గాక చదువగల శక్తినిబట్టి కొంతసేపు వేరుగా కూర్చుండబెట్టు పద్ధతిని ప్రథమ్ వారు చాలచోట్ల నడిపిరి. మేలు కలిగెను. అయితే ఆ గుంపుకు మొద్దుల గుంపు అని పేరు పడకుండ చూచుట ఏ పద్ధతియు చేయు పని కాదు. అది ఆ గదిలోని మనిషి చేయవలసినది.

భాష సంగతియు ఇట్టిదే. పరవస్తు చిన్నయసూరి నీతిచంద్రిక 1853లో వెలువడెను. తరతరములుగా మన బడిపిల్లలు ఆ నక్కల కాకుల కథలు చదివిరి. కథలు ముద్దుగానే యున్నవి, వచనము గంభీరమైనది, కాని ఆ వచనము ఎవరును మాటలాడని తెలుగు. ఇరువదవ శతాబ్దపు తొలి సంవత్సరములలో యేట్సు అను ఇంగ్లీషు దొర, పాఠశాలల పరీక్షాధికారి, తెలుగు పిల్లలకు తెలుగు పుస్తకములు ఏల అర్థమగుట లేదని అడిగెను. ఆ ప్రశ్నను గురజాడ అప్పారావుగారును గిడుగు రామమూర్తి పంతులుగారును విడువలేదు. అడవిలోని సవరల భాష నేర్చుకొని, వారి బిడ్డలకొరకు వారి భాషలోనే పుస్తకములు సిద్ధపరచిన గిడుగువారికి, బిడ్డ యింటి మాటకును బడి మాటకును నడుమనున్న గోడ ఎంత యెత్తైనదో తెలియును. ఈ మాటలు నేను ఈ భాషలోనే వ్రాయుచుండుట చూచి చదువరి నవ్వుకొనవచ్చును. నవ్వుకొననిండు, పాత పత్రికలతో పెరిగిన చేయి ఇట్లే నడచును. బడిలో మాత్రము, బిడ్డ కథను తన యింటి మాటలతో తిరిగి చెప్పునప్పుడు, పాలమూరు మాటగాని సిక్కోలు మాటగాని అనంతపురపు మాటగాని, నడుమ అడ్డగించి ఉచ్చారణ దిద్దరాదు. ముందు వాని అర్థము విని, తరువాత పుస్తకపు మాట నేర్పవచ్చును. నాలుకను ముందే దిద్దబోయిన యెడల మనస్సు తలుపు మూసికొనును.

గుర్రము జాషువ గారి గబ్బిలము మాట చెప్పక ఈ వ్యాసమును ముగింపలేను. 1941లో వెలువడిన ఆ కావ్యములో అంటరానివాడని త్రోయబడిన యొకడు తన మొరను కాశీ విశ్వనాథునికి పంపుటకు గబ్బిలమును దూతగా నెన్నుకొనును. కాళిదాసు యక్షునికి మేఘము దొరకెను. వీనికి దొరకినది జనులు అశుభమని తోలివేయు ప్రాణి. తాను పోలేని గుడిలోనికి అది పోగలదు. జాషువగారు తామును ఉపాధ్యాయులుగా పనిచేసినవారు. ఒకప్పుడు మూగచిత్రములు ఆడుచుండగా ప్రేక్షకులకు కథ చెప్పుచు పొట్టపోసికొనినవారు. వినువాని హృదయమునకు ఎట్లు చేరవలెనో వారికి తెలియును.

ఈ పాఠమును సిద్ధపరచు ఉపాధ్యాయుని యెదుట రెండు గోతులున్నవి. గొడవ యెందుకని రెండు పద్యములు పైపైన చదివి, అలంకారములు చెప్పించి, దాటిపోవుట మొదటిది. ఛందస్సు చెప్పి కన్నీటిని దాచుట అది. రెండవది సదుద్దేశముతో తీసిన గొయ్యి గనుక మరి లోతైనది. తరగతిలో ఆ కులమునుండి వచ్చిన బిడ్డవైపు తిరిగి, నీవు చెప్పుము నాయనా, మీకెట్లుండును, అని అడుగుట. అంతవరకు నలువదిమందిలో ఒకడుగా కూర్చున్నవాడు ఒక్క క్షణములో ప్రదర్శనకు పెట్టబడెను. ఆ బిడ్డ చెప్పదలచిన యెడల తానే చెప్పును. చెప్పకుండుట వాని హక్కు. అడుగవలసిన ప్రశ్న తరగతియంతటికి చెందినదై, పద్యమునుండియే పుట్టినదై యుండవలెను: ఇతడు మనిషిని గాక గబ్బిలమును ఏల పంపెను? దారిలో ఇంతమంది మనుష్యులుండగా ఒక్కడును దూతగా ఏల దొరకలేదు? ఈ ప్రశ్నకు ముందు వరుసవారును సమాధానము చెప్పుకొనవలసియుండును. కొంతసేపు ఎవరును మాటలాడకపోవచ్చును. ఆ నిశ్శబ్దమును మాటలతో పూడ్చుటకు ఉపాధ్యాయుడు తొందరపడరాదు. దానికి కూడ ప్రణాళికలో రెండు నిమిషములు వ్రాసియుంచవలెను.

అపొస్తలుల కార్యముల యెనిమిదవ అధ్యాయములోని ఐతియొపీయుని మీరెరుగుదురు. రథములో కూర్చుండి యెషయా గ్రంథము పైకి చదువుకొనుచున్నాడు. ఫిలిప్పు పరుగెత్తి వచ్చి మొదట విన్నాడు. తరువాత, గ్రహించుచున్నావా అని అడిగినాడు. పిలిచిన మీదటనే రథమెక్కినాడు. ఈ మాట ఎవరిని గూర్చినదని ప్రశ్న వేసినవాడు చదువువాడు. చెప్పువాడు ఆ లేఖనభాగమునుండియే మొదలుపెట్టినాడు. పని కాగానే ఫిలిప్పు అక్కడ లేడు. ఆ మనుష్యుడు తన దారిని సంతోషముగా పోయెను. ఉపాధ్యాయ శిక్షణశాలలో చెప్పు పాఠములకు ఈ పదునైదు వచనములు ఏమాత్రమును తీసిపోవు.

పరీక్షల మాటయేమని ఉపాధ్యాయ సోదరులు అడుగుదురు. న్యాయమైన ప్రశ్న. మార్కులతోనే బ్రదుకు మారవలసిన బిడ్డ యెదుట పరీక్షను వెక్కిరించుట సులభము, దాని నష్టము మాత్రము వానిది. భావము ఎట్లు వ్రాయవలెనో, ఎన్ని పంక్తులు వ్రాయవలెనో వారమునకొక దినము దానికే పెట్టి నేర్పవలెను. ఇది పరీక్షకొరకు అని దాచకుండ చెప్పియే నేర్పవలెను. మిగిలిన దినములు పద్యమునకే విడువవలెను.

నాకు పరిచయమైన పెద్ద ఉపాధ్యాయురాలొకతె, పదవీ విరమణ చేసి చాల కాలమైనది, ప్రణాళిక పుస్తకములో ప్రతి పాఠమునకు ఎదుటి పుట ఖాళీగా విడిచెడిది. పరీక్షాధికారులు వచ్చినప్పుడు కాగితము దండుగయని మందలించిరట. పాఠమైన సాయంకాలము ఆమె ఆ పుటలో తేదీ వేసి, ఆనాడు ఎవరు ఏమి అడిగిరో, తాను ఎక్కడ జవాబు చెప్పలేక ఆగెనో వ్రాసికొనెడిది. మరుసటి యేట అదే పద్యము వచ్చినప్పుడు మొదట ఆ పుట చదివి, తరువాతనే క్రొత్త ప్రణాళిక మొదలుపెట్టెడిది. కొన్ని ప్రశ్నల ప్రక్కన వరుసగా మూడు నాలుగు సంవత్సరముల తేదీలున్నవి. వాటి క్రింద జవాబు ఇంకను వ్రాయలేదు.